భావయిత్రీ ప్రతిభ - బ్రిటిష్ ఇండీ రాక్: కొత్త సంగీతాన్ని కనుగొనడం, పంచుకోవడం

వ్యాస సంగ్రహం:
బ్రిటన్‌లో 1977 తరువాత రూపుదిద్దుకున్న ఇండీ రాక్‌లో కొత్త పాటను కనుగొని ఇతరులకు అందించడం రచన పూర్తయ్యాక జరిగే ప్రచారం కాదు; ఆ సంగీతం నిర్మాణంలోనే అది ఒక భాగం. రాజశేఖరుని భావక విభజనను ఆధారంగా చేసుకొని, జాన్ పీల్ రేడియో కార్యక్రమాన్ని, 'సి86' క్యాసెట్‌ను పరిశీలించి, పంచుకునేవాని బాధ్యతను వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: ఇండీ రాక్, భావకుడు, జాన్ పీల్, సి86, పంపిణీ, అల్గారిదమ్.

1. ప్రవేశిక:
'కావ్యమీమాంస'లో రాజశేఖరుడు ప్రతిభను కారయిత్రి, భావయిత్రి అని రెండుగా విభజించాడు. మొదటిది కవికి ఉపకరిస్తుంది. రెండవది కావ్యాన్ని గ్రహించి విలువకట్టే భావకునికి ఉపకరిస్తుంది. కవి శ్రమ అనే వృక్షం ఫలించడానికి ఈ రెండవ ప్రతిభే కారణమని ఆయన అభిప్రాయం. భావకులు నాలుగు విధాలు. ఏదీ రుచించనివాడు అరోచకి. మంచిచెడ్డలు చూడక గడ్డితో సహా ఆరగించేవాడు సతృణాభ్యవహారి. ఇతరుల గుణాన్ని ఓర్వలేనివాడు మత్సరి. సారాన్ని పట్టుకోగలిగినవాడు తత్త్వాభినివేశి, ఇతడు అరుదు. కావ్యం కోసం చేసిన ఈ విభజన, వినేవారి చొరవ మీద ఆధారపడి బతికిన ఒక ఆధునిక సంగీత ధోరణిని అర్థం చేసుకోవడానికీ ఉపయోగపడుతుంది.

2. స్వతంత్రత అంటే పంపిణీ:
'ఇండిపెండెంట్' అనే మాటకు కుదింపు 'ఇండీ'. మొదట్లో అది ఒక శైలికి పేరు కాదు. 1980 జనవరిలో బ్రిటన్‌లో మొదలైన ఇండీ చార్టులో చోటు దక్కాలంటే పాట ఎలా ఉందన్నది ప్రమాణం కాదు. పెద్ద కంపెనీల పంపిణీ వ్యవస్థతో సంబంధం లేకుండా ఆ రికార్డు దుకాణానికి చేరిందా అన్నదే ప్రమాణం. అంటే పాట చేతులు మారిన దారే దాని స్వతంత్రతకు కొలమానం.

ఈ దారికి మాంచెస్టర్ బృందం బజ్‌కాక్స్ 1977 జనవరిలో వెలువరించిన 'స్పైరల్ స్క్రాచ్' తొలి గుర్తుల్లో ఒకటి. అప్పు తెచ్చిన డబ్బుతో, సొంత లేబుల్‌పై, మొదట 1000 ప్రతులు మాత్రమే వేశారు. ఏ పాటను ఎన్నవ ప్రయత్నంలో రికార్డు చేశారో అట్టమీదే ముద్రించారు. మరుసటి సంవత్సరం స్క్రిటి పొలిటి బృందం తమ రికార్డు తయారీకి అయిన ఖర్చుల లెక్కను అట్టమీద వేసింది. ఈ అట్టలు పాటతోపాటు పాట చేసే పద్ధతినీ పంచాయి. శ్రోత రేపటి కర్త కావచ్చునన్న సూచన అందులో ఉంది. భావయిత్రికీ కారయిత్రికీ నడుమ గీత ఇక్కడ పలచబడింది.

3. జాన్ పీల్ - ఎంపిక చేసే చెవి:
1967లో బి.బి.సి. రేడియో 1 ప్రారంభమైనప్పటి నుంచి 2004లో మరణించేవరకు జాన్ పీల్ అందులో కొత్త సంగీతాన్ని వినిపించాడు. వాణిజ్య రికార్డులను ప్రసారం చేసే సమయంపై ఆ రోజుల్లో పరిమితి ఉండేది. అందువల్ల బృందాలను బి.బి.సి. స్టూడియోకే పిలిపించి, సాధారణంగా ఒక్క రోజులో నాలుగు పాటలు రికార్డు చేయించే 'సెషన్' పద్ధతి బలపడింది. ఏ కంపెనీతోనూ ఒప్పందం లేని బృందాలకు అదే మొదటి స్టూడియో అనుభవమైన సందర్భాలున్నాయి. నియమం విధించిన ఇబ్బంది కొత్తవారికి తలుపు తెరిచింది.

1978లో డెర్రీ నగరానికి చెందిన అండర్‌టోన్స్ బృందం పాట 'టీనేజ్ కిక్స్'ను బెల్‌ఫాస్ట్‌లోని గుడ్ వైబ్రేషన్స్ అనే చిన్న లేబుల్ విడుదల చేసింది. పీల్ దానిని వెంటవెంటనే రెండుసార్లు వినిపించాడు. ఒక్క మాట విశ్లేషణ లేకపోయినా అది విమర్శే. ఈ పాటకు తాను పూచీ అని చెప్పడమే. వినడంలో పీల్ సతృణాభ్యవహారిలా కనిపిస్తాడు. తనకు చేరిన టేపులను ఓపికగా విన్నాడు. అయితే వినిపించడంలో అతడు తత్త్వాభినివేశి. మొదటి గుణం లేనిదే రెండవది సాధ్యం కాదన్నది రాజశేఖరుని విభజనకు ఈ ఉదాహరణ చేర్చే సవరణ.

ఆ ప్రసారం తరువాత అండర్‌టోన్స్ అమెరికాకు చెందిన సైర్ రికార్డ్స్‌తో ఒప్పందం చేసుకుంది. పంచుకోవడం ఫలించిన చోట చిన్న లేబుల్ ఆ బృందాన్ని కోల్పోయింది. ఇండీ రాక్‌ను మొదటి నుంచీ వెంటాడిన వైరుధ్యం ఇది.

4. సి86 - పేరు గోడగా మారిన వైనం:
'న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్' వారపత్రిక 1986లో 22 బృందాల పాటలతో 'సి86' అనే క్యాసెట్‌ను పాఠకులకు అందించింది. ప్రైమల్ స్క్రీమ్, పేస్టెల్స్ వంటి బృందాల మృదువైన గిటారు పాటలతోపాటు, స్టంప్, బిగ్ ఫ్లేమ్ వంటి బృందాల వంకరటింకర లయలు, కర్కశ ధ్వనులు కూడా అందులో ఉన్నాయి. అయినా కాలక్రమంలో 'సి86' అన్న మాట గలగలమనే గిటారుకు, సిగ్గరి గొంతుకు పర్యాయపదమైంది. క్యాసెట్‌లోని రెండవ సగం వినికిడి నుంచి జారిపోయింది.

పీల్ శ్రోతలు ఏటా ఓట్లతో ఎంచుకునే 'ఫెస్టివ్ ఫిఫ్టీ' జాబితాలోనూ ఈ సంకోచమే కనిపిస్తుంది. పీల్ జింబాబ్వే బృందాలనూ రెగేనూ వినిపించినా, ఓట్లు ఎక్కువగా గిటారు బృందాలకే పడ్డాయి. అందించినవాని రుచి విశాలం. అందుకున్న సమూహం రుచి ఇరుకు. పంచుకోవడం పరిచయాన్ని పెంచినంత సులువుగా సరిహద్దునూ కట్టగలదు. కాబట్టి ఆ కాలాన్ని స్వర్ణయుగంగా కీర్తించడం సరికాదు.

5. నేటి స్థితి:
స్పాటిఫై 2015లో ప్రవేశపెట్టిన 'డిస్కవర్ వీక్లీ' ప్రతి సోమవారం 30 పాటలను శ్రోత ముందుంచుతుంది. ఆ ఎంపికకు ఒక ముఖ్యమైన ఆధారం ఇతర శ్రోతలు కూర్చుకున్న పాటల జాబితాలే. అంటే భావకుడు అదృశ్యం కాలేదు. అతని పేరు మాత్రమే అదృశ్యమైంది. నేడు బ్రిస్టల్‌లోని బృందం పాటను గుంటూరులోని శ్రోత విడుదలైన రోజే వినగలడు. ఈ సౌలభ్యాన్ని తక్కువ చేయలేము. కానీ ఆ పాట ఎందుకు వచ్చిందని అడిగితే జవాబు చెప్పే మనిషి లేడు. నచ్చని పాటను వినిపించిన పీల్‌తో శ్రోత తగవు పడగలిగాడు, ఉత్తరం రాయగలిగాడు. ఆ తగవు నుంచే రుచి మారే అవకాశం పుట్టింది. శ్రోత గత అభిరుచిని కొలిచి దానికి దగ్గరివాటిని అందించే పద్ధతిలో ఆ తగవుకు చోటు తక్కువ.

6. ఉపసంహారం:
ఇండీ రాక్ చరిత్రను బృందాల చరిత్రగా మాత్రమే రాస్తే సగమే రాసినట్లు. రికార్డు అట్టమీద ఖర్చు లెక్క రాసినవారు, ఒకే పాటను రెండుసార్లు వినిపించిన ప్రసారకర్త, క్యాసెట్‌ను కూర్చిన పత్రిక - వీరంతా ఆ సంగీతానికి భావకులు. వారి ఎంపికల్లో ఇరుకుతనం ఉంది, పొరపాట్లున్నాయి. అయితే ఆ పొరపాట్లకు ఒక చిరునామా ఉంది. పేరు పెట్టుకొని, పూచీ వహించి ఒక పాటను మరొకరి చేతిలో పెట్టడమే భావయిత్రీ ప్రతిభ. కొత్త సంగీతం ఎంత విరివిగా దొరికితే ఆ పూచీ అవసరం అంతగా పెరుగుతుంది.