నేరస్థలం, సాక్షి, మౌనం: వర్చువల్ రియాలిటీ న్యాయబోధనకు రాయలసీమ కథనాలు వేసే ప్రశ్నలు

వ్యాససంగ్రహం

నేరన్యాయం చదివే విద్యార్థిని నేరస్థలంలో నిలబెట్టినట్టు అనుభూతి కలిగించే వర్చువల్ రియాలిటీ (వి.ఆర్.) బోధన కొన్ని విదేశీ విశ్వవిద్యాలయాల్లోనూ, పోలీసు శిక్షణలోనూ చోటు సంపాదించుకుంది. ఈ పద్ధతిని సాంకేతిక పరికరంగా మాత్రమే కాక ఒక కథనరూపంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కర్నూలు, కడప ప్రాంతాల ఫ్యాక్షన్ నేరాలను ఉదాహరణగా తీసుకుంటే, దృశ్యం చూపగలిగినదానికీ న్యాయం తెలుసుకోవలసినదానికీ మధ్య ఉన్న దూరం స్పష్టమవుతుంది.

కీలకపదాలు: వర్చువల్ రియాలిటీ, నేరన్యాయ బోధన, ఫ్యాక్షన్, ప్రతికూలసాక్షి, రాయలసీమ కథ, సాధారణీకరణం.

1. ప్రవేశిక

తలకు ధరించే దృశ్యపరికరాన్ని ఐవాన్ సదర్లాండ్ 1968లో రూపొందించాడు. అది బోధనోపకరణంగా విస్తరించడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. 2015లో చలనచిత్రకారుడు క్రిస్ మిల్క్ ఒక ప్రసంగంలో వి.ఆర్.ను సహానుభూతిని పుట్టించే యంత్రంగా అభివర్ణించాడు. మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ బ్లూమ్ వంటివారు ఈ అభిప్రాయాన్ని ఖండించారు. శరణార్థి శిబిరాన్ని కొద్ది నిమిషాలు చూసినవాడికి అక్కడినుంచి ఎప్పుడైనా బయటపడగలనన్న ధైర్యం ఉంటుంది. శరణార్థికి లేనిది ఆ ధైర్యమే.

ఈ చర్చ నేరన్యాయ బోధనకూ వర్తిస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సోదా, స్వాధీన ప్రక్రియలను ఆడియో, వీడియోలలో నమోదు చేయాలని 105వ సెక్షన్‌లో నిర్దేశించింది. ఏడేళ్ళు, అంతకుమించి శిక్ష పడదగిన నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలాన్ని సందర్శించాలని 176వ సెక్షన్ మూడో ఉపవిభాగం చెబుతోంది. చట్టమే దృశ్యం వైపు మొగ్గుతున్నప్పుడు బోధన కూడా అటే నడవడం సహజం. ఆ నడకలో ఏది వెనకబడిపోతుందన్నదే ఇక్కడి ప్రశ్న.

2. దృశ్యం నేర్పగలిగినది

వి.ఆర్. ప్రయోజనాన్ని తక్కువ చేయనక్కరలేదు. నిజమైన నేరస్థలంలోకి యాభైమంది విద్యార్థులను తీసుకెళ్ళడం సాధ్యం కాదు. వెళితే ఆధారాలు చెదిరిపోతాయి. కల్పితస్థలంలో ఒకే గదిని పదిసార్లు పరిశీలించవచ్చు. ఏ వస్తువును ముందు చూశారు, దేన్ని గమనించలేదు అన్నది అధ్యాపకుడు తిరిగి చూపించగలడు. పంచనామాలో ఏం రాయాలో, ఏం రాయకూడదో తెలుసుకోవడానికి ఇది పాఠ్యపుస్తకం కన్నా మెరుగైన సాధనం. తప్పు చేసినా కేసు దెబ్బతినదన్న భరోసా విద్యార్థికి ఉంటుంది.

ఇదంతా కంటికి సంబంధించిన శిక్షణ. నేరన్యాయంలో కన్ను చేసే పని ఎంత ముఖ్యమో, చెవి చేసే పనీ అంతే ముఖ్యం. సాక్షి మాటను వినడం, మాట రాని చోట ఆ మౌనానికి కారణం వెతకడం కూడా నేర్పవలసిన విద్యలే.

3. సినిమా కట్టిన సీమ

కల్పితస్థలాన్ని ఎవరో ఒకరు రచించాలి. కర్నూలు జిల్లాలోని ఒక పల్లెలో జరిగిన హత్యను పాఠంగా రూపొందించాలంటే రూపకర్త మనసులో ముందుగా మెదిలే దృశ్యం ఎక్కడిది? 'సమరసింహారెడ్డి' (1999), 'ఆది' (2002), 'ఇంద్ర' (2002), 'ఒక్కడు' (2003) వంటి చిత్రాలు సీమను సుమోలు, వేటకొడవళ్ళు, నాటుబాంబులు, ఎర్రటి దుమ్ముగా కుదించాయి. ఈ ధోరణిలో చట్టానికి పెద్దగా పాత్ర ఉండదు, తీర్పును కథానాయకుడే అమలు చేస్తాడు. హింస ముగిశాక మిగిలేవారి వైపు, ముఖ్యంగా స్త్రీల వైపు, దృష్టి మళ్ళించిన 'అరవింద సమేత వీరరాఘవ' (2018) కూడా ఆ దృశ్యభాషను పూర్తిగా వదులుకోలేదు.

ఈ ముద్రలు పాఠంలోకి చేరితే విద్యార్థి నేరస్థలాన్ని పరిశీలించడు, తనకు ముందే తెలిసిన కథను గుర్తుపడతాడు. అనుమానితుడి ఇంటిపేరు, మీసకట్టు, యాస ఆధారాలుగా మారిపోతాయి. తెరమీద ఉన్నంతవరకు అది వినోదం. శిక్షణలోకి వచ్చాక దర్యాప్తు అధికారి అలవాటవుతుంది.

దీనికి విరుగుడు సీమ సాహిత్యంలో ఉంది. కేతు విశ్వనాథరెడ్డి కథకుడే కాదు, కడప జిల్లా ఊరిపేర్లపై పరిశోధన చేసిన పండితుడు కూడా. ఒక్కో ఊరిపేరు వెనుక చెరువు, కొండ, కులం, వలస పొరలుపొరలుగా ఉంటాయని అటువంటి పరిశోధన గుర్తుచేస్తుంది. ఆయన కథల్లోనూ, సొదుం జయరాం కథల్లోనూ పల్లె ఒక రంగాలంకరణ కాదు. కరువు, అప్పు, అధికారం కలిసి మనుషులను నడిపే స్థలం. అలాంటి ఊరిని నిర్మించాలంటే నాపరాతి గోడలూ మట్టిమిద్దెలూ గీస్తే చాలదు.

4. ఆరేళ్ళ కాలం, ఒక్క క్షణం

దేవనకొండ మండలం కప్పట్రాళ్ళకు చెందిన ఫ్యాక్షన్ నాయకుడితో పాటు మరికొందరు 2008లో హత్యకు గురయ్యారు. ఆదోనిలోని విచారణ న్యాయస్థానం తీర్పు 2014లో వెలువడింది. ఆ ఊరినే తరువాత జిల్లా పోలీసు అధికారి దత్తత తీసుకోవడం సీమ చరిత్రలో మరో అధ్యాయం. వి.ఆర్. పాఠం హత్య జరిగిన క్షణాన్నో, ఆ మరునాటి ఉదయాన్నో చూపుతుంది. న్యాయం గెలిచేదీ ఓడేదీ మాత్రం ఆ తరువాతి ఆరేళ్ళలో.

సాక్షి ఎదురుతిరగడం ఈ కాలంలోనే జరుగుతుంది. పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలంపై సాక్షి సంతకం ఉండదు. కోర్టులో అతడు మాట మారిస్తే ఆ వైరుధ్యాన్ని ఎత్తిచూపడానికే అది ప్రధానంగా ఉపకరిస్తుంది. సాక్షి మాట మార్చడానికి డబ్బు, భయం మాత్రమే కారణాలు కావు. ఎదుటి వర్గం పొలాన్ని కౌలుకు చేస్తూ ఉండవచ్చు. బోరునీళ్ళు వాళ్ళ దయమీద పారుతూ ఉండవచ్చు. కూతురిని ఆ వీధికే ఇచ్చి ఉండవచ్చు. పెద్దమనుషులు రచ్చకట్ట మీద రాజీ కుదిర్చి ఉండవచ్చు. సాక్షుల రక్షణ పథకాన్ని సుప్రీంకోర్టు 2018లో ఆమోదించింది. కొత్త సంహిత 398వ సెక్షన్ ప్రతి రాష్ట్రాన్నీ అటువంటి పథకం రూపొందించమంటోంది. పథకం సాక్షి ప్రాణానికి కాపలా పెట్టగలదు. కౌలునూ, బోరునూ, వియ్యాన్నీ కాపాడడం అంత సులభం కాదు. ఈ కారణాలేవీ కెమెరాకు కనిపించవు.

5. తాదాత్మ్యమా, వివేచనా?

భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణంలో రసానుభవం 'నాది', 'పరాయివాడిది' అన్న భేదం నుంచి విడివడుతుంది. వి.ఆర్. దానికి విరుద్ధంగా అనుభవాన్ని 'నాది'గా మారుస్తుంది. మృతదేహం పక్కన నిలబడ్డ విద్యార్థి కోపగించుకుంటాడు, చలిస్తాడు. అది మానవసహజమే. అయితే నిందితుడి వాదన వినబోయే న్యాయవాదికీ న్యాయమూర్తికీ కావలసింది కోపం చల్లారాక మిగిలే వివేచన. తాదాత్మ్యాన్ని మాత్రమే పెంచే పాఠం బాధితుడి పక్షాన తొందరపాటు తీర్పును అలవాటు చేసే ప్రమాదం ఉంది.

చూపు ఎవరిదన్నది దీనికి అనుబంధమైన ప్రశ్న. స్వయంగా న్యాయవాది అయిన రాచకొండ విశ్వనాథశాస్త్రి 'ఆరు సారా కథలు'లోని 'మాయ'లో కొత్త ప్లీడరుకు కోర్టు అసలు స్వరూపాన్ని తెలియజెప్పేది కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ. అది ఉత్తరాంధ్ర కథ అయినా పాఠం సీమకూ చెల్లుతుంది. చట్టం పనితీరును చట్టం కింద నలిగినవాళ్ళే లోతుగా చెప్పగలరు. ముత్యాలమ్మ తన యాసలో మాట్లాడుతుంది. కడప, కర్నూలు సాక్షి తన మాండలికంలో చెప్పిన మాట న్యాయస్థాన నివేదికలో తరచుగా ఇంగ్లీషు వాక్యమై నిలుస్తుంది. ఆ మార్పులో జారిపోయే అర్థాన్ని పట్టుకోవడం భాషాసాహిత్య విద్యార్థికి తెలిసిన పని. న్యాయవిద్యార్థికి దాన్ని నేర్పేవారు అరుదు.

6. ముగింపు

వి.ఆర్. బోధనను తిరస్కరించడం ఈ పరిశీలన ఫలితం కాదు. ఒకే వీధిని విద్యార్థికి రెండుసార్లు చూపే పాఠం రూపొందించవచ్చు: మొదట నేరం జరిగిన మరునాడు, తరువాత ఏళ్ళు గడిచి సాక్షికి సమన్లు అందిన రోజున. రెండో సందర్శనలో విద్యార్థి దర్యాప్తు అధికారిగా కాక, సాక్షి ఇంటి అరుగుమీద సాక్షిగా కూర్చోవాలి. ఎదురింట్లో ఎవరున్నారో, పొలం ఎవరిదో, ఎవరు పలకరించడం మానేశారో అతడు గమనించాలి. సంభాషణలు సీమ మాండలికంలో ఉండాలి. వాటి రచనలో న్యాయశాస్త్ర, తెలుగు శాఖలు కలిసి పనిచేయాలి.

నేరస్థలంలో రక్తపుమరకను గుర్తించడం పరికరం నేర్పగలదు. చూసినవాడు చూడలేదని ఎందుకు చెప్పాడో తెలియాలంటే విద్యార్థి ఆ ఊరి కథ చదవాలి. ఆ రెండో చదువు లేనప్పుడు ఎంత స్పష్టమైన దృశ్యమైనా సీమకు న్యాయం చేయలేదు.