నీటి కంటే ముందు సీసాకు పరీక్ష

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు మనుషుల్ని తీసుకుపోతోంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల నీళ్లు ఎన్నోసార్లు ప్రయోగశాలలకు వెళ్లాయి. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, సిలికా అంటూ ఒక్కొక్కదాన్నీ అనుమానించారు. 2023లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. అయినా ఫలానాదే కారణమని గట్టిగా తేలలేదు. ఇలాంటి చోట రిపోర్టులోని ప్రతి అంకెకూ విలువ ఉంది. ఆ అంకె నీటిదా, సీసాదా? జవాబు మొదలయ్యేది ల్యాబ్ సింకు దగ్గర.

తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాడ్మియం లీటరుకు 0.003 మిల్లీగ్రాములు దాటకూడదు. 10 మిల్లీలీటర్ల సీసాలో అది 30 నానోగ్రాములు. వంటింటి సన్న ఉప్పు రవ్వ ఒక్కటి సుమారు 60 మైక్రోగ్రాములు తూగుతుంది. అందులో రెండువేలవ వంతన్నమాట! అంత సరుకు గాజు గోడకు అంటుకుని ఉన్నా కంటికి ఆనదు. పైగా పాత్ర చిన్నదయ్యేకొద్దీ, పట్టే నీటితో పోలిస్తే దాని గోడ పెద్దదవుతుంది. అందుకే పెద్ద బీకరు కన్నా వేలెడు సీసాతోనే తిప్పలు.

వాడిన సీసాను ఎండనివ్వకుండా ఫాస్ఫేట్ లేని సబ్బు నీళ్లతో మెత్తగా రుద్దుతారు. బ్రష్ కొన తీగ గాజును గీరిందా, ఆ గీతలో మలినం కాపురం పెడుతుంది. కుళాయి నీళ్లతో కడిగాక 10 శాతం నైట్రిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెడతారు. గాజు పైపొరను పట్టుకున్న లోహ అయాన్లను ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లు తోసేస్తాయి. పలుచన చేసేటప్పుడు ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో కాదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

తర్వాత అయాన్లు తీసేసిన (డీఅయొనైజ్డ్) నీళ్లతో కడగడం. ఇక్కడ లెక్క ఉంది. కాస్త పెద్ద సీసాలో ఒక మిల్లీలీటరు ఆమ్లం మిగిలిందనుకుందాం. 27 మిల్లీలీటర్ల నీళ్లు ఒకేసారి పోసి వంపేస్తే, అడుగున మిగిలే మిల్లీలీటరులో పాతదానిలో 28వ వంతు ఉంటుంది. అవే నీళ్లు తొమ్మిదేసి మిల్లీలీటర్ల చొప్పున మూడుసార్లు పోసి తిప్పి వంపితే వెయ్యో వంతే. నీళ్లు అంతే, ఫలితంలో తేడా 35 రెట్లకు పైనే.

శుభ్రమైన గాజు మీద నీరు పల్చటి పొరలా జారుతుంది. జిడ్డుంటే చుక్కలు కడుతుంది. అయితే ఈ పరీక్ష జిడ్డును పట్టిస్తుంది గానీ లోహాలను కాదు. ఇక సీసాను గుడ్డతో తుడవకుండా, దుమ్ము పడని చోట బోర్లించాలి.

పాతతరం డిగ్రీ విద్యార్థులకు క్రోమిక్ ఆమ్లం గుర్తుండే ఉంటుంది. ముదురు ఎరుపు రంగు ద్రావణం, ఎంత జిడ్డునైనా వదిలిస్తుంది. కానీ గాజు మీద క్రోమియాన్ని వదిలిపోతుంది, అదీగాక క్యాన్సర్ కారకం. జాడమాత్రంగా ఉన్న లోహాలను కొలిచేటప్పుడు దాన్ని పక్కన పెట్టడమే మేలు. సిలికా వెతికేటప్పుడైతే గాజే అనుమానితురాలు, ఎందుకంటే గాజులో ప్రధాన పదార్థమే సిలికా. ఉద్దానం నీటిలో సిలికా చూడాలంటే ప్లాస్టిక్ సీసా పట్టుకోవాలి.

మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతికీ ఈ జాగ్రత్త తప్పదు. ఫాస్ఫేట్ ఉన్న సబ్బు సరిగా వదలకపోతే, ఫాస్ఫరస్‌ను చూపే నీలిరంగును సీసాయే తేలుస్తుంది. అమెరికాలో శాస్త్రవేత్త క్లేర్ పాటర్సన్‌కు సీసం ఇంతకన్నా పెద్ద పాఠం చెప్పింది. గాలిలో, సామగ్రిలో, రసాయనాల్లో ఎక్కడ చూసినా సీసమే. దాన్ని వదిలించుకోవడానికి ఏళ్లు పట్టింది. ఆ తర్వాతే, 1956లో, సీసం కొలతల ఆధారంగా భూమి వయసు 455 కోట్ల ఏళ్లని ప్రకటించగలిగాడు.

కడిగిన చేతికి ధ్రువపత్రం ‘బ్లాంక్’. శాంపిల్ బదులు శుద్ధమైన నీరు పోసి, అవే సీసాలు, అవే ఆమ్లాలతో మొత్తం పరీక్ష నడుపుతారు. అందులోనే కాడ్మియం కనబడితే, ఊరి నీటిని నిందించే హక్కు ల్యాబ్‌కు ఇంకా రాలేదు. సీసాలు కడిగే పనిని కొత్తగా చేరిన కుర్రాడికి వదిలేసే ల్యాబ్‌లు అతనికి ముందుగా చూపించాల్సింది ఈ బ్లాంకునే. ఊరి బోరు నీళ్ల రిపోర్టు చేతికొచ్చినవాళ్లూ అంకె ఒక్కటే చూసి ఊరుకోకుండా, బ్లాంక్ ఎంత వచ్చిందో అడగండి.