6502కు వార్తికములు

సూత్రకారుడు చెప్పినదానిని, చెప్పక విడిచినదానిని, తప్పుగా చెప్పినదానిని విచారించుట వార్తికకారుని ధర్మమని మన వ్యాకరణశాస్త్రము నిర్ణయించినది. పాణిని సూత్రములపై కాత్యాయనుడు చేసిన పని అట్టిది. ఇరువదవ శతాబ్దపు చివరి పాదమున, అమెరికాలో ఆరిజోనా రాష్ట్రమునందలి మీసా పట్టణమున, ఒక చిన్న మైక్రోప్రాసెసరును పునర్నిర్మింప బూనిన శిల్పుల కృషిని పరిశీలించునపుడెల్ల నాకీ లక్షణమే స్మరణకు వచ్చుచుండును.

ఆ ప్రాసెసరు పేరు 6502. 1974లో మోటరోలా సంస్థను వీడి పెన్సిల్వేనియాలోని మాస్ టెక్నాలజీలో చేరిన చక్ పెడిల్, బిల్ మెన్ష్ మున్నగువారు దానిని రూపొందించి, తోడి ప్రాసెసర్లు వందలకొలది డాలర్లు పలుకుచుండిన 1975లో, 25 డాలర్లకే అమ్మకమునకు పెట్టిరి. ఆపిల్ 2, కమడోర్ పెట్, బ్రిటను పాఠశాలలలో వ్యాపించిన బీబీసీ మైక్రో – ఇవన్నియు దాని బలముననే నడచినవి. సుమారు 3,500 ట్రాన్సిస్టర్లు. గణనమునకు ఒక అక్యుములేటరు, సూచికలుగా ఎక్స్, వై అను రెండు రిజిస్టర్లు, అన్నియు 8 బిట్లవే. ఇంత స్వల్పసామగ్రితో కార్యము సాగుటకై నిర్మాతలు మెమరీలోని మొదటి 256 బైట్లకు, అనగా ‘జీరో పేజీ’కి, విశేషప్రతిపత్తి కల్పించిరి. అందలి చిరునామాను ఒక్క బైటుతోనే చెప్పవచ్చును గనుక ఆదేశము పొట్టిదగును. అన్యత్ర నాలుగు క్లాక్ సైకిళ్లు పట్టు పని అచ్చట మూడింటనే ముగియును. అంతేకాక, ఆ పేజీలోని రెండు బైట్లను జతచేసి ఒక చిరునామాగా గ్రహించి, దానికి వై రిజిస్టరు విలువను కలిపి, 64 కిలోబైట్ల మెమరీలో కోరిన చోటికి పోవు ఉపాయమొకటి కలదు. ప్రోగ్రాము వ్రాయువారు ఆ 256 బైట్లనే రిజిస్టర్లవలె వాడుకొనిరి. దారిద్ర్యమును దాచుటగాక, దానినే ఒక పద్ధతిగా మలచిన ఈ కల్పన నా దృష్టిలో ఆ ప్రాసెసరునకు ప్రాణము.

బిల్ మెన్ష్ 1978లో మీసాలో వెస్టరన్ డిజైన్ సెంటర్ అను సంస్థను స్థాపించి, తాను పాల్గొని నిర్మించిన ఈ ప్రాసెసరునే తక్కువ విద్యుత్తుతో పనిచేయు సీమాస్ పద్ధతిలో 65సీ02 అను పేర మరల నిర్మించెను. అందు మొదటిది, తప్పుగా చెప్పినదాని దిద్దుబాటు. మెమరీలో ఒకచోట దాచిన చిరునామాను చదివి, అచ్చటికి దుముకుమను ఆదేశము పాత చిప్పున కలదు. ఆ దాచిన చిరునామా ఒక పేజీ (256 బైట్ల ఖండము) చివరి బైటున ప్రారంభమైనయెడల, రెండవ బైటు తరువాతి పేజీనుండి రావలసియుండగా, ప్రాసెసరు అదే పేజీ మొదటికి మరలి, అచ్చటి అసంబద్ధమైన బైటును తెచ్చెడిది. కొత్త చిప్పు దీనిని సవరించినది. కాని సవరణకు మూల్యముగా ఆ ఆదేశము ఐదు సైకిళ్లకు మారుగా ఆరు తీసికొనును. దశాంశగణనమునందు స్థితిని తెలుపు ఫ్లాగుల దోషమును ఇట్లే, అదనముగా ఒక సైకిలు వ్యయపరచి తీర్చిరి. వేగమే సర్వస్వమని తలచు వృత్తిలో, సత్యముకొరకు ఒక సైకిలును వదులుకొనుటను నేను గొప్ప శీలముగా భావింతును.

చెప్పక విడిచినవాని విషయము ఇంతకంటె సూక్ష్మమైనది. ఆదేశమునకు ఒక బైటు గనుక 256 సంకేతములకు అవకాశము కలదు. 6502 వానిలో 151కి మాత్రమే అర్థము చెప్పినది. శేషించిన 105 శూన్యములు కావు. ఆదేశములను విడమరచు డీకోడరు మితమైన తర్కముతో నిర్మితమగుటచే, ఎవరును ఉద్దేశింపని సంకేతము వచ్చినపుడు రెండు ఆదేశముల భాగములు కలిసి పనిచేసి, అక్యుములేటరును, ఎక్స్ రిజిస్టరును ఒక్కసారిగా నింపుట వంటి విచిత్రఫలము నొసగుచుండెను. కమడోర్ 64పై ఆటలు వ్రాసినవారిలో కొందరు వీనిని కనిపెట్టి వాడుకొనిరి. 65సీ02 ఈ ఖాళీలలో కొన్నిటిని న్యాయమైన ఆదేశములతో నింపినది: మెమరీలో సున్న నిలుపుట, ఎక్స్, వైలను అక్యుములేటరు ద్వారా తరలింపక నేరుగా స్టాకుపై ఉంచుట, నియమరహితముగా సమీపమునకు దుముకుట. మిగిలినవానిని ఏ పనియు చేయని ఆదేశములుగా మార్చినది. యాదృచ్ఛికఫలములను నమ్మిన ప్రోగ్రాములు దీనివలన చెడినవి. వాని రచయితల చాతుర్యమునకు నాకు గౌరవము కలదు. అయినను ఎన్నడును చేయని వాగ్దానమును నిర్మాత నెరవేర్పవలెననుట న్యాయము కాదు.

చేసిన వాగ్దానమును నిలుపుకొను నిష్ఠ మాత్రము అదే సంస్థ తరువాత చేసిన 65816 రచనలో పరాకాష్ఠ నందుకొనెను. అది 16 బిట్ల ప్రాసెసరు, 16 మెగాబైట్ల మెమరీని సంబోధింపగలదు. అయినను విద్యుత్తు అందగానే పూర్వపు 8 బిట్ల ప్రవృత్తితోనే మేల్కాంచును. ప్రోగ్రాము ప్రత్యేకమైన ఆదేశముతో కోరినపుడే కొత్త శక్తులను బయలుపరచును. జీరో పేజీ స్థానమును కదల్చగల ‘డైరెక్ట్ పేజీ’ దాని అందమైన విస్తృతి. చిప్పు కాళ్ల సంఖ్య 40 దాటకుండుటకై, చిరునామాలోని అదనపు ఎనిమిది బిట్లను డేటా తీగలపైననే, ప్రతి సైకిలు తొలి అర్ధమున పంపెదరు. అక్యుములేటరు వెడల్పు ఒక ఫ్లాగుపై ఆధారపడుటచే, ఒకే సంకేతము ఒకప్పుడు రెండు బైట్లుగను, మరియొకప్పుడు మూడు బైట్లుగను చదువబడు చిక్కు మాత్రము దీనిలో మిగిలినది. ఈ కుటుంబమున నేను సమర్థింపజాలని అంశమిది యొక్కటే. 1986లో ఆపిల్ 2జీఎస్, 1990లో జపానున సూపర్ ఫామికాం యంత్రము ఈ ప్రాసెసరు వంశమునే ఆశ్రయించినవి.

బీబీసీ మైక్రోను నిర్మించిన ఏకార్న్ సంస్థకు చెందిన సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్‌లు 1983లో 6502 వారసుని చూడ మీసాకు వచ్చిరి. అచ్చట కొలదిమంది మాత్రమే కూర్చుండి ప్రాసెసరును రచించుచుండుట చూచి, ఇది తమకును సాధ్యమేయను ధైర్యముతో మరలిరి. ఆ ధైర్యమునుండి 1985లో తొలి ఆర్మ్ ప్రాసెసరు పుట్టినది.

65సీ02, 65816 రెండును నేటికిని నలుబది కాళ్ల చిప్పులుగా విక్రయింపబడుచున్నవి. 65816లో 256 సంకేతములలో 255 ఆదేశములకు వినియోగమైనవి. మిగిలిన ఒక్కటి, షోడశాంశమున 42, రాబోవు విస్తరణకై కేటాయింపబడి, విలియం డి. మెన్ష్ నామాక్షరములను ధరించియున్నది. 65832 అను 32 బిట్ల వారసుని ప్రణాళిక వ్రాయబడినను చిప్పుగా రూపొందలేదు గనుక, ఆ సంకేతము నేటికిని ఖాళీగనే యున్నది.