బురదలో ఎడమ బ్రేకు

వెనక చక్రాల పట్టు కావాలనే తెంపి, కారును అడ్డంగా జారనిచ్చి, ఆ జారుడులోనే మలుపు దాటించడాన్ని డ్రిఫ్టింగ్ అంటారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల కుర్రాళ్లకు ఇది ఫోన్లలో చూసి తెలిసిన వినోదం. టైర్లు కాలిన పొగ, కేకలు, నెమ్మదిగా మళ్లీ తిప్పి చూపించే రీలు. ఆ రీలు చూసిన కుర్రాడే జూలైలో తెల్లారకముందు ట్రాక్టరెక్కి, మోకాలి లోతు బురదలో వెనక గీరలు జారుతుండగా బండిని ఒడ్డుకు జానెడు దూరంలో తిప్పి తెస్తాడు. దాన్ని ఎవరూ విద్య అనరు. దున్నకం అంటారు, గంటకింత కిరాయి లెక్కగట్టి పంపిస్తారు. నా లెక్కలో మాత్రం రెండూ ఒకే విద్య. పైగా ఇతనిది కాస్త కష్టమైనది.

డ్రిఫ్టింగ్ పుట్టింది జపాన్‌లో. మోటార్‌సైకిల్ పందేల్లో పేరు తెచ్చుకుని కార్లకు మారిన కునిమిట్సు తకహాషి 1970లలో మలుపుల్లోకి కారును జారుస్తూ దూసుకెళ్లేవాడు. అది చూసి కొండదారుల్లో సాధన చేసిన కెయిచి సుచియా దాన్ని లోకానికి పరిచయం చేశాడు. 2001 నుంచి డీ1 గ్రాండ్ ప్రీ పేరుతో పోటీలు మొదలయ్యాయి. వీటన్నిటికంటే నాకు నచ్చేది 1995లో మొదలైన ‘ఇనిషియల్ డి’ అనే బొమ్మల కథ. అందులో కుర్రాడు పందేలకోసం బండి నేర్చుకోడు. తండ్రి దుకాణంలో చేసిన టోఫును రోజూ తెల్లవారుజామున కొండ మీది హోటల్‌కు చేరవేస్తూ నేర్చుకుంటాడు. పని నేర్పిన చేతివాటం అది. మన దగ్గర ఆ పని వరి.

జారడమంటే తప్పు జరగడమని చాలామంది అనుకుంటారు. అసలు గీర కొంచెమైనా జారకపోతే బండి దేన్నీ లాగదు. నమ్మకం లేకపోతే సుద్దముక్క తీసుకుని వెనక టైరు మీద గీత పెట్టండి. ఖాళీ బండి గీర పది చుట్లు తిరిగితే ఎంత దూరం పోయిందో కొలవండి. తర్వాత నాగలి నేలలోకి దించి అదే పది చుట్లు తిప్పండి. దూరం తగ్గుతుంది. తగ్గిన ఆ వాటానే స్లిప్. గట్టి నేలలో అది నూటికి పది, పదిహేను దాకా ఉంటే బండి బాగా లాగుతున్నట్టు. అంతకు మించి పోతే డీజిల్ పనికి కాక గీర కింద మట్టి తవ్వడానికి పోతోందని అర్థం. తారురోడ్డు మీద కారు టైరుకు కూడా పూర్తి పట్టు దొరికేది కాస్త జారుతున్నప్పుడే. ఏబీఎస్ బ్రేకులు పట్టుకుని వేలాడేది ఆ కాస్త దగ్గరే.

బురదలోకి దిగితే ఈ లెక్కలు చెల్లవు. అక్కడ జారుడు నష్టం కాదు, చేయాల్సిన పనే అది. నాటు వేసే పొలంలో నీళ్లు పెట్టి కలియదున్నేది మట్టి గడ్డలు కరిగి మెత్తని అడుసు కావాలని, కలుపు లోపలికి తొక్కుకుపోవాలని, నీళ్లు కిందికి ఇంకిపోకుండా అడుగున ఒక పొర బిగుసుకోవాలని. గోదావరి జిల్లాల్లో దీన్నే దమ్ము చేయడం అంటారు. కేజీవీల్స్ అనే ఇనుప చట్రాలు కట్టిన గీర జారుతూ తిరిగినప్పుడే దాని ఇనుప పట్టీలు మట్టిని చిలుకుతాయి. జారకుండా సాఫీగా దొర్లిపోతే రెండు గాడులు పడతాయి, అంతే. మరీ జారితే ఉన్నచోటే గుంత తవ్వుకుని కూర్చుంటుంది. ఈ రెంటికీ నడుమ ఎక్కడ ఉండాలో డ్రైవరుకు చెప్పే మీటరు డాష్‌బోర్డు మీద లేదు. ఇంజను గొంతు, సీటు కింద వణుకు, గీర వెనక ఎగిసే బురద వాలు. ఈ మూడే ఆధారం.

ఎంత జారనివ్వాలన్నది నేలను బట్టి మారుతుంది. ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11 దాకా చాలామట్టుకు ఉమ్మడి వరంగల్‌లోనివే అయినా నేల ఒకటి కాదు. జనగామ వైపు ఎర్రచెల్కలు, దుబ్బనేలలు ఎక్కువ. ఒకప్పుడు బావుల కింద నాలుగు మడులు పారితే గొప్ప. దేవాదుల ఎత్తిపోతల నీళ్లు చెరువుల్లోకి వచ్చాక చెల్కలు కూడా పొలాలయ్యాయి. ఇసుక పాలు ఎక్కువున్న ఈ నేలలో నీళ్లు నిలవవు, అందుకే ఇక్కడ ఎక్కువసార్లు తిప్పి బాగా చిలకాలి. చిలికాక ఆలస్యం పనికిరాదు. ఇసుక అడుగుకు చేరి మడి గట్టిపడుతుంది, నాటేసే ఆడవాళ్ల వేళ్లు నొప్పులు పుడతాయి. దున్నిన రోజే నాటు పడాలి. భూపాలపల్లి వైపు గోదావరి దగ్గరి నల్లరేగడి మళ్లలో కథ తిరగబడుతుంది. ఆ మట్టి తానే ఉబ్బి నీళ్లను ఆపుతుంది. దున్నాక ఒకటి రెండు రోజులు తేరుకోనిస్తేనే నారు నిలుస్తుంది. అక్కడ భయం ఇంకడం గురించి కాదు, దిగబడడం గురించి.

మహబూబాబాద్ జిల్లా బయ్యారం పెద్దచెరువు, భూపాలపల్లి జిల్లా గణపురం చెరువు కాకతీయుల నాటివి. గణపతిదేవుని చెల్లెలు మైలాంబ వేయించిన శాసనం బయ్యారం చెరువు దగ్గరే దొరికింది. అలాంటి చెరువుల కింద ఎన్నో తరాలు బురద తొక్కింది దున్నపోతులు. పోతుకు ఒక సుగుణం ఉంది. ఊట ఉన్న చోట కాలు పెట్టగానే దానికి తెలుస్తుంది, ఆగిపోతుంది, కొట్టినా కదలదు. ట్రాక్టరుకు ఆ తెలివి లేదు. అందుకే పాత రైతు ఇవాళ్టికీ ఒడ్డు మీద నిలబడి, “తమ్మీ, ఆ తూర్పు మూలకు ఊటుంటది, పైలం” అని కేకేస్తాడు. మంచి డ్రైవరు మడిలోకి దిగకముందే ఆ మాట అడిగి మరీ తెలుసుకుంటాడు.

ఇక మూల దగ్గరికి వద్దాం. ఈ విద్యంతా బయటపడేది అక్కడే.

ట్రాక్టరుకు కారులా ఒక బ్రేకు పెడల్ కాదు, రెండుంటాయి. ఒకటి ఎడమ వెనక గీరకు, ఇంకోటి కుడి గీరకు. రోడ్డెక్కినప్పుడు రెంటినీ ఒక చిన్న ఇనుప కొక్కెంతో కలిపేయాలి, పొలంలోకి దిగాక విడదీయాలి. ఎందుకంటే బురదలో స్టీరింగు సగం అబద్ధం. ముందు గీరలు సన్నవి, వాటికి పట్టు దొరకదు. ఎడమకు పూర్తిగా తిప్పినా అవి అడ్డంగా బురదను నెట్టుకుంటూ బండిని నేరుగా ఒడ్డు మీదికే తీసుకుపోతాయి. అప్పుడు కుడికాలు ఎడమ బ్రేకు మీద పడాలి. లోపలి గీర ఆగుతుంది. ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ ఆ గీర వాటా తిరుగుడును కూడా అవతలి గీరకే ఇచ్చేస్తుంది, అది రెండింతల వేగంతో తిరిగి బండిని ఉన్నచోటే గిరుక్కున తిప్పుతుంది.

చెప్పడానికి ఇంతే. చేతులు, కాళ్లు చేసేది దగ్గర నుంచి చూడాలి. ఒడ్డు ఇంకా రెండు బారలుందనగా కుడిచేయి హైడ్రాలిక్ లివరు లాగుతుంది, వెనక మట్టిని చిలికే కత్తుల రొటవేటర్ నీళ్లు కారుస్తూ పైకి లేస్తుంది. ఎడమచేయి స్టీరింగును చివరిదాకా తిప్పేస్తుంది. కాలు బ్రేకును అదిమిపట్టి ఉంచదు. తొక్కి వదులుతుంది, తొక్కి వదులుతుంది. ఆపకుండా తొక్కిపడితే ఆగిన గీర తన బరువుతో గుంత చేస్తుంది. ఆ గుంతలో నీళ్లు లోతుగా నిలిచి నాటిన నారు మురుగుతుంది. తిరుగుడు సగం అయ్యీ కాకముందే స్టీరింగు వెనక్కి వస్తుంది, లేకపోతే బండి తిరగాల్సినదానికంటే ఎక్కువ తిరిగి తోక ఒడ్డుకు తగులుతుంది. డ్రిఫ్ట్ చేసేవాడు జారుతున్న వైపుకే స్టీరింగు ఎదురు తిప్పేది ఈ సమయంలోనే, ఇదే లెక్కతో. ఈ మొత్తంలో కాలు ఎక్సలేటరు మీదికి పోనే పోదు. చేతితో పెట్టే త్రోటిల్ ఒకచోట ఉంటుంది, ఇంజను ఒకే పాట పాడుతుంటుంది. కొత్తవాడి బండి మాత్రం మూల మూలకూ గొంతు మారుస్తుంది. ఒడ్డు మీదివాళ్లు తలెత్తి చూడకుండానే డ్రైవరు ఎలాంటివాడో చెప్పగలరు.

డ్రిఫ్ట్ కార్ల వాళ్లు ఈ డిఫరెన్షియల్‌కే బద్ధశత్రువులు. రెండు వెనక చక్రాలూ ఒక్కసారే జారాలి గనక దాన్ని బిగించేస్తారు. డబ్బులేని కుర్రాళ్లయితే ఏకంగా వెల్డింగ్ చేయించేస్తారు. ట్రాక్టరువాడికి రెండు రకాల బండీ కావాలి. మూలలో విడిగా తిరగాలి, ఊటలో కలిసి తిరగాలి. అందుకే మడమ దగ్గర డిఫరెన్షియల్ లాక్ పెడల్ ఉంటుంది. ఒక గీర పట్టు వదిలి పిచ్చిగా తిరుగుతుంటే దాన్ని తొక్కకూడదు, గేర్లు విరుగుతాయి. క్లచ్ నొక్కి, గీర ఆగాక తొక్కాలి. మెత్తటి చోటు వస్తోందని తెలిసి ముందే తొక్కినవాడు ఇంకా తెలివైనవాడు. లాక్ మీద బండి తిప్పాలని చూసినవాణ్ని మెకానిక్ గుర్తుపెట్టుకుంటాడు.

రొటవేటర్ గురించి ఒక సంగతి చెప్పాలి. అది వచ్చాక బురద దున్నకం సులువైందనేది నిజమే. కారణం మాత్రం పదునైన కత్తులొక్కటే కాదు. నాగలి బండిని వెనక్కి లాగుతుంది. ఇంజను తిప్పే రొటవేటర్ కత్తులు ముందుకు తిరుగుతూ మట్టిని వెనక్కి తంతాయి గనక బండిని ముందుకు నెడతాయి. అంటే గీరలకు కావలసిన పట్టే తగ్గిపోయింది. అందుకే కొందరు కుర్రాళ్లు బురదంటే లెక్కలేనితనంతో దిగుతారు. రొటవేటర్ ఎత్తగానే, సరిగ్గా మూలలో, ఆ నెట్టుడు పోతుంది.

దిగబడ్డాక చేసే పనుల్లో మొదటిది ఏమీ చేయకపోవడం. త్రోటిల్ పెంచి లాగిద్దామనే ఆత్రంలో ప్రాణాలే పోతాయి. వెనక గీర ఊబిలో బిగుసుకుని తిరగనంటే ఇంజను బలం ఎక్కడికో పోవాలి కదా. అది ఇరుసును పట్టుకుని బండినే తిప్పడం మొదలుపెడుతుంది. ముందు గీరలు లేస్తాయి. అక్కడి నుంచి బండి వెనక్కి తిరగబడి డ్రైవరు మీద పడడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. రెండు గీరలకూ అడ్డంగా మొద్దు కట్టి ముందుకు లాగించడం ఊళ్లలో మామూలైన పద్ధతి, నాకు తెలిసి అన్నిటికంటే చెడ్డది కూడా అదే. మొద్దు నేలకు బిగిస్తే గీర తిరగదు, బండి లేస్తుంది. వచ్చిన గాడి గట్టిగా ఉంటుంది గనక రివర్స్‌లో వెనక్కి రావడం మేలు. కదలకపోతే ఇంకో బండితో, గొలుసును కింది కొక్కేనికే కట్టి, నెమ్మదిగా లాగించాలి. పై లింకుకు గొలుసు కట్టేవాణ్ని ఒడ్డు మీద ఎవరున్నా సరే ఆపాలి.

ఇదే వానకు భూపాలపల్లిలో ఇంకో రకం బండ్లు ఆగిపోతాయి. సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో ముసురు పట్టిందంటే గని దారులు బురదై డంపర్లు నిలిచిపోతాయి, బొగ్గు ఉత్పత్తి ఆగిందని పేపర్లో వస్తుంది. అక్కడ జారితే ప్రమాదం, ఆగిపోవడమే సరైన పద్ధతి. గని గోడకు అవతల మడిలో మాత్రం ఆ వాన కోసమే కేజీవీల్స్ బిగిస్తుంటారు.

ఆ కేజీవీల్స్‌తోనే తారురోడ్డు ఎక్కడం గురించి పోలీసులు ఏటా హెచ్చరిస్తారు, కేసులు పెడతారు. పట్టీలు తారును దున్నేస్తాయి గనక వాళ్లు చెప్పేది న్యాయమే. ఒడ్డు దగ్గర విప్పి ట్రాలీలో వేసుకుపోవాలి. అయితే నాటు రోజుల్లో ఒక్కో బండికి రోజుకు మూడు నాలుగు చోట్ల పని, విప్పి బిగించే సమయానికి కిరాయి ఇచ్చేవాడు లేడు. అంతకంటే పెద్ద ముప్పు పోలీసులకు కనిపించనిది. పొలంలో విడదీసిన బ్రేకు కొక్కెం మళ్లీ వేయడం మరిచి రోడ్డెక్కి, వేగం మీద ఒక్క పెడల్ తొక్కితే బండి అక్కడికక్కడే పల్టీ కొడుతుంది. మడిలో బండిని కాపాడిన ఎడమ బ్రేకే రోడ్డు మీద చంపుతుంది. లైసెన్సు పరీక్షలో పొడినేల మీద నడపడమే చూస్తారు గాని ఇవేవీ అడగరు. మహబూబాబాద్ జిల్లాలో మల్యాల కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. అలాంటి చోట ఎండాకాలంలో ఒక మడికి నీళ్లు పెట్టి, కొత్త డ్రైవర్లను వారం రోజులు తిప్పితే ఎంతో ఖర్చు కాదు.

ఈ దున్నకమే అక్కర్లేదనే వాదన కూడా ఉంది. పొడినేలలో వెదజల్లితే నీళ్లు, డీజిల్, కూలీ మిగులుతాయి. ఏళ్ల తరబడి చిలికిన మడి అడుగున బిగిసిన పొర తర్వాతి మక్కకో పెసరకో వేరు దిగనివ్వదు. రెండూ నిజాలే. రెండో పంట ఆరుతడిది వేసే రైతు అక్కర్లేకుండా నాలుగుసార్లు తిప్పించడం దండగ. కానీ వెదజల్లిన చేలో కలుపు మనిషిని తినేస్తుంది, జనగామ దుబ్బల్లో నీళ్లు నిలవవు. కేజీవీల్స్ ఇప్పట్లో పాత సామాన్లవాడికి పోవు.

గంట లెక్కన కిరాయి ఇచ్చే రైతు డ్రైవరు మెల్లగా పోతున్నాడేమోనని చూస్తుంటాడు. ఎకరం లెక్కన మాట్లాడుకున్నవాడు తొందరలో మూలలు వదిలేస్తాడేమోనని చూస్తాడు. చూడాల్సింది నీళ్లు. దున్ని, జంబు కొట్టించి చదును చేశాక మడంతా ఒకే లోతులో నీళ్లు నిలిచాయా, మూలల్లో గుంతలు పడ్డాయా అన్నది మర్నాటికల్లా తేలిపోతుంది. రైతు దాన్ని పట్టించుకోకపోతే కోతలప్పుడు తెలుస్తుంది. జూలైలో గీర తవ్విన గుంతలోనే నవంబరులో తడి ఆరదు, కోతకొచ్చిన చైన్ మిషన్ సరిగ్గా అక్కడే దిగబడుతుంది. దాన్ని లాగడానికి మళ్లీ ట్రాక్టరు తేవాలి. మిషన్‌వాడు దిగబడిన సమయాన్ని కూడా గంటల్లోనే కలిపి లెక్క చెబుతాడు.