గుండు కాదు, మెడ చూడండి

రాడ్ ఎండ్ చేతికిస్తే ఎవరైనా ముందు చేసే పని ఒకటే. గుండును బొటనవేలితో అటూ ఇటూ తిప్పి, నున్నగా, కాస్త బిగువుగా కదిలితే ‘బాగుంది’ అని బల్ల మీద పెడతారు. కాలేజీ కుర్రాళ్లయినా అంతే, తల నెరిసిన ఫిట్టరైనా అంతే. నేను గుండును ఆఖర్న చూస్తాను. గుండు పాడయ్యేటప్పుడు టకటకమంటుంది, లూజు చూపిస్తుంది, మనకి బోలెడంత టైమిస్తుంది. చెప్పాపెట్టకుండా విరిగేది కంటికీ మరలకీ మధ్యనున్న మెడ.

ఇది చూడనివాళ్ల కోసం రెండు మాటలు. ఒక లోహపు కన్ను, అందులో ఇమిడిన ఉక్కు గుండు, గుండు మధ్యలో బోల్టుకి బెజ్జం, కన్ను వెనక మరలున్న కాడ. లింకు కడ్డీ కొసన దీన్ని బిగిస్తే, రెండు వైపులా బ్రాకెట్లు కొంచెం వంకరగా ఉన్నా కడ్డీ ఇరుక్కోదు. బైకు గేరు లీవరు దగ్గరి సన్న కడ్డీ నుంచి చిన్న విమానాల కంట్రోల్ రాడ్ల దాకా ఇదే. బ్రిటన్‌లో రోజ్ జాయింట్, అమెరికాలో హైమ్ జాయింట్ అంటారు.

దీని మంచితనమంతా ఆ వంకర ఓర్చుకోవడంలోనే ఉంది. దానికీ హద్దుంది. మామూలు 10 మిల్లీమీటర్ల సైజు సుమారు 13 డిగ్రీల దాకా వాలుతుంది. అది దాటితే కన్ను పోయి బ్రాకెట్‌కి తగులుతుంది, ఆ క్షణం నుంచి కాడ వంగడం మొదలు. గుండును పక్కకి తోసే బలాన్ని కూడా ఇది పెద్దగా భరించదు. కేటలాగులో ఘనంగా కనిపించే లోడు, కాడ పొడవునా లాగినప్పుడూ నెట్టినప్పుడూ చెల్లే లెక్క. అందుకే సైజు అడిగేవాళ్లని నేను ముందు ‘బలం ఏ దిక్కు నుంచి వస్తోంది?’ అని అడుగుతాను.

బాహా ఎస్ఏఈ ఇండియా పోటీకి బండి కట్టే పిల్లలు సస్పెన్షన్ ఆర్మ్ పట్టుకొచ్చి ‘సార్, చిన్న వెల్డింగ్’ అంటారు. చూస్తే కింది ఆర్మ్‌కి చక్రం వైపు రాడ్ ఎండ్! షాక్ అబ్జార్బర్ కూర్చునేది ఆ ఆర్మ్ మీదే. అంటే బండి బరువూ, గుంతలో పడ్డ దెబ్బా ఆ కాడని వంచుతూనే ఉంటాయి. అక్కడెందుకురా అంటే, ‘క్యాంబర్ అడ్జస్ట్‌మెంట్‌కి సార్’ అని జవాబు, అంటే చక్రం నిలువు వాలు సర్దడానికట. ఫార్ములా ఎస్ఏఈ పోటీల్లో డిజైన్ జడ్జిగా ఉన్న కారల్ స్మిత్‌కి ఈ అమరిక కనబడితే ఒళ్లు మండేది. ఆయన చిరాకు నాకు బాగా అర్థమవుతుంది. 10 మిల్లీమీటర్ల కాడలో మరల అడుగున మిగిలేది 8 చిల్లర. వంపును తట్టుకునే సత్తా వ్యాసపు ఘనాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, నున్నటి కడ్డీకి ఉన్నదాంట్లో సగానికి కాస్త ఎక్కువ మిగులుతుంది, అంతే. పైగా ప్రతి మర అడుగూ పగులుకి పుట్టిల్లు. ఆ చోట ఉత్త గుండు బేరింగ్‌ని గిన్నెలో కూర్చోబెట్టి, క్యాంబర్‌ని పలచటి షిమ్ములతో సర్దుకోమంటాను. షిమ్ములు మార్చడం విసుగే, ఒప్పుకుంటాను. స్టీరింగ్ టై రాడ్‌కైతే రాడ్ ఎండ్ నిక్షేపంగా వాడుకోవచ్చు, అక్కడ ఉన్నది లాగుడూ నెట్టుడే.

ఇక చెక్ నట్, అంటే కాడ కదలకుండా కడ్డీకి బిగించే నట్టు. కడ్డీకి ఒక కొసన కుడి మర, రెండో కొసన ఎడమ మర ఉంటే, బోల్టులు విప్పకుండానే కడ్డీని తిప్పి పొడవు మార్చొచ్చు. 10 మిల్లీమీటర్ల మామూలు మర అయితే ఒక పూర్తి చుట్టుకి 3 మిల్లీమీటర్లు. సర్దడానికి సుఖమైన ఈ అమరికే, చెక్ నట్ వదులైతే తనంతట తాను సర్దుకోవడం మొదలుపెడుతుంది. కాడ మరల్లో కొట్టుకుని కొట్టుకుని, మొదటి మర దగ్గర తెగుతుంది. బిగించాక నట్టు మీదుగా కడ్డీ దాకా పెయింటుతో ఒక గీత గీస్తే చాలు, గీత విరిగిందా నట్టు కదిలిందన్నమాటే. కాడ లోపలికి ఎంత దిగిందన్నది ఇంకో సంగతి. వ్యాసానికి ఒకటిన్నర రెట్లు దిగాలన్నది నా లెక్క. విమానాల కంట్రోల్ రాడ్లకి పక్కన సన్న బెజ్జం పెడతారు. అందులో తీగ దూరిందంటే కాడ చాలినంత దిగనట్టే. ఇంత చవకైన జాగ్రత్తని మన మెషీన్లలో ఎందుకు పెట్టరో!

గ్రీజు విషయంలో మొహమాటం వద్దు. నిపుల్ ఉన్నవాటికి పాత మురికి బయటికొచ్చేదాకా కొట్టండి. లోపల టెఫ్లాన్ పొర ఉన్నవాటికి చుక్క కూడా వద్దు, జిడ్డు దుమ్ముని పట్టి ఆ పొరనే గీరుతుంది. పొడిగుడ్డతో తుడవండి, చాలు. లూజు చూడాలంటే విప్పకుండానే, ఒక చేత్తో లింకుని ఊపుతూ రెండో చేతి వేలు కంటికీ బోల్టుకీ కలిపి ఆనించండి. కంటికి కనబడని ఆట వేలికి తెలుస్తుంది. బోల్టు ఒకే వైపు ఆని ఉన్న చోట, కంటి బెజ్జం కంటే పెద్ద వాషరొకటి బయటివైపు వేయించండి. గుండు ఊడినా లింకు జారిపోదు.

మార్చేసిన రాడ్ ఎండ్‌ని పారేసే ముందు రంపంతో కన్ను కోసేయమంటాను. కోయకపోతే నెల తిరక్కుండా ఎవరో ఒకరు దాన్ని స్పేర్ డబ్బాలోంచి తీసి, గుండు తిప్పి చూసి, ‘బాగుంది’ అంటారు.