ఒక మెడ, వేల మెడలు

ఆండ్రూ మార్వెల్ 1650లో రాసిన ‘హొరేషియన్ ఓడ్’ ఈమధ్య మళ్ళీ చదివాను. ఐర్లండు నుంచి గెలిచి వచ్చిన క్రామ్వెల్‌కు స్తోత్రమది. కాని చదివాక మనసులో నిలిచేది విజేత కాదు, 1649 జనవరి 30న లండన్‌లో శిరచ్ఛేదం పొందిన మొదటి చార్లెస్. కవి అతని ఏలుబడిని వెనకేసుకురాడు. వధ్యస్థలంలో దైవాన్ని నిందించలేదనీ, పక్కమీద వాలినట్టు తల వాల్చాడనీ మాత్రం చెబుతాడు. (చలికి వణికితే భయమనుకుంటారని రాజు ఆ ఉదయం రెండు చొక్కాలు తొడుక్కున్నాడట.) సింహాసనం మీద దక్కని గౌరవం గొడ్డలి కింద దక్కింది. ఇచ్చింది చంపినవాళ్ళే! మన కృతిపతి స్తుతుల్లో ఓడినవాడికి ఇంత చోటు నేను చూడలేదు.

నా పేచీ మరోచోట. 1649 సెప్టెంబరులో ఐర్లండులోని డ్రోగెడాలో క్రామ్వెల్ సైన్యం వేలమందిని ఊచకోత కోసింది. మార్వెల్ ఆ ఐర్లండు వాళ్ళచేతనే అతన్ని మెచ్చుకోలు చేయిస్తాడు. రాజు మెడ దగ్గర తడబడిన కలం ఇక్కడ తడబడలేదు. ఇదేం ధర్మసందేహం?

అన్నాను గాని, 2006 డిసెంబరులో సద్దాంను ఉరితీసిన రాత్రి నాకూ నిద్రపట్టలేదు. అతను దుజైల్‌లో చంపించిన 148 మంది కోసం నేను ఏ రాత్రీ మేలుకోలేదు.