అపరాధి ఎవరు? – ఒక వైజ్ఞానిక పరిశోధక నవలపై పాఠకుల అభిప్రాయాలు

అపరాధ పరిశోధక నవల పేరెత్తగానే ముఖం తిప్పుకోవడం మన విమర్శకులకు చాలాకాలంగా వున్న అలవాటు. అది బజారు సరుకు, కష్టజీవిని తన సమస్యల నుండి మళ్ళించే మత్తుమందు అని తీర్పు చెప్పి ఊరుకుంటాము. కాని ప్రజలు చదివే పుస్తకాలను చదవకుండా ప్రజాసాహిత్యాన్ని గురించి మాట్లాడటం ఎలా సాధ్యం? కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌ను, అతని అసిస్టెంటు రాజును తెలుగు పాఠకులు తమ ఇంటి మనుషుల్లాగా ఎరుగుదురు. తెలంగాణలో రజాకార్ల దురంతాలు చూసి చలించి 'త్వమేవాహం' రాసిన ఆరుద్రగారే 'పలకల వెండి గ్లాసు' అనే పరిశోధక నవలా రాశారు. ఒక ప్రక్రియ గొప్పదా, నీచమా అన్నది కాదు ప్రశ్న. ఆ ప్రక్రియతో రచయిత ఏ సత్యాన్ని పట్టుకోగలిగాడన్నదే ప్రశ్న.

ఈ దృష్టితోనే టేకుమట్లలో కొందరు పాఠక మిత్రులం కూర్చుని, అమెరికన్ రచయిత ఫిలిప్ కె. డిక్ 1968లో ప్రకటించిన నవలను చర్చించాము. 'ఆండ్రాయిడ్లకు కరెంటు గొర్రెలు కలలోకి వస్తాయా?' అని ఆ నవల పేరును తెలుగు చేసుకోవచ్చు. ఇంగ్లీషులో చదివిన ఇద్దరు మిగిలినవారికి కథంతా విడమరచి చెప్పారు. వచ్చిన అభిప్రాయాలు పరస్పర విరుద్ధమైనవి. వాటిని ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

ముందు కథ. మహాయుద్ధం ముగిసింది. అణుధూళి కమ్మి జంతువులు దాదాపు నశించాయి. స్తోమత, ఆరోగ్యం వున్నవారు అంగారక గ్రహానికి వలసపోతున్నారు. అలా పోయేవారికి ప్రభుత్వం ఒక్కొక్క కృత్రిమ మానవుణ్ణి ఊరికే సేవకుడిగా ఇస్తుంది. వీరే ఆండ్రాయిడ్లు. చూపుకు, మాటకు అచ్చం మనుషులే. యజమానులను చంపి భూమికి పారిపోయి వచ్చినవారిని వెతికి చంపడం శాన్‌ఫ్రాన్సిస్కో పోలీసు శాఖలో రిక్ డెకార్డ్ ఉద్యోగం. చంపడం అనరు, 'రిటైర్ చేయడం' అంటారు. తలకు వెయ్యి డాలర్లు బహుమానం. అతని కోరిక ఒక్కటే: ప్రాణమున్న జంతువును కొనుక్కోవడం. ఎందుకంటే ఆ లోకంలో జంతువు వున్నవాడే గౌరవనీయుడు. డెకార్డ్ గొర్రె ధనుర్వాతంతో చచ్చిపోయింది. ఆ సంగతి ఇరుగుపొరుగుకు తెలియకుండా కరెంటు గొర్రెను మేపుతూ వున్నాడు.

మొదటి ఆక్షేపణ జోస్యానికి సంబంధించినది. నవల మొదటి ముద్రణలో కథాకాలం 1992. తరువాతి ముద్రణలలో దానిని 2021కి జరిపారు. దీని ఆధారంగా రిడ్లీ స్కాట్ 1982లో తీసిన 'బ్లేడ్ రన్నర్' చిత్రం 2019 నాటి కథ. ఈ మూడు సంవత్సరాలూ గడిచిపోయాయి. అంగారకుడి మీద వలసలూ లేవు, కృత్రిమ మానవులూ లేరు. "జోస్యం తప్పింది కనుక పుస్తకం చెల్లిపోయింది" అని ఒక మిత్రుడన్నాడు. ఈ వాదం పంచాంగానికి చెల్లుతుంది గాని నవలకు చెల్లదు. సమీప భవిష్యత్తును రాసే రచయిత నిజానికి రాసేది తన వర్తమానాన్నే. అందులో ఇప్పుడిప్పుడే మొలకెత్తుతున్నదాన్ని మానుగా ఎదిగినట్లు చూపిస్తాడు. 1968 అంటే వియత్నాం యుద్ధం ముమ్మరంగా సాగుతున్న సంవత్సరం. చంపడానికి ఆఫీసు భాష పుట్టిన రోజులవి. ఆ భాష నేటికీ చెల్లిపోలేదు.

రెండవ ఆక్షేపణ ఇంకా బలమైనది: "ఇందులో పరిశోధన ఏదీ?" హంతకుడెవరో చివరి పేజీ దాకా తెలియకుండా వుంచడం పరిశోధక నవల ధర్మం. ఇక్కడ పట్టవలసినవారి పేర్లు మొదటే కాగితం మీద వున్నాయి. యుగంధర్‌కు అలవాటుపడిన పాఠకుడికి ఇది చప్పగా తోచడం సహజం. కాని రచయిత రహస్యాన్ని ఎత్తివేయలేదు, చోటు మార్చాడు. 'ఎవడు చంపాడు?' అన్న ప్రశ్న పోయి, 'ఎవడు మనిషి?' అన్న ప్రశ్న వచ్చింది. ఫిల్ రెష్ అనే మరొక వేటగాడు ఎదురైనప్పుడు, అతడు కూడా ఆండ్రాయిడేనని డెకార్డ్ అనుమానిస్తాడు. అంత నిర్దయగా చంపుతాడు కనుక! పరీక్షలో అతడు మనిషి అని తేలుతుంది. నవలలో ఇంతకంటే భయంకరమైన ఘట్టం లేదు.

మూడవ అభిప్రాయం మా చర్చలో వేడి పుట్టించింది. "ఆండ్రాయిడ్లు బానిసలు. వారి తిరుగుబాటును రచయిత నేరంగా చూపించాడు. దొరికిన సాలీడు కాళ్ళను ఒక్కొక్కటే కత్తిరించి చూసే క్రూరులుగా చిత్రించాడు. ఇది అభివృద్ధి నిరోధకం కాదా?" అని ఒక ఉపాధ్యాయ మిత్రుడి ప్రశ్న. దీన్ని తేలికగా తోసివేయరాదు. ఆ సాలీడు ఘట్టం వున్నది, అందులోని క్రౌర్యమూ వున్నది. ఫాసిస్టులు గెలిచిన ప్రపంచాన్ని ఊహిస్తూ 1962లో తాను రాసిన నవల కోసం నాజీల దినచర్యలు చదివినప్పుడు, ఆకలితో ఏడ్చే పిల్లల వలన తమకు నిద్రాభంగమవుతున్నదని ఒకడు రాసుకున్న మాట తనను వదలలేదని డిక్ తరువాత చెప్పాడు. కనికరం లేని మనిషి మనిషేనా అన్న ప్రశ్న అక్కడ పుట్టింది. అయితే ఆ నాజీ బానిస కాదు, బానిసల కాపలాదారు. రచయిత కాపలాదారు గుణాన్ని బానిస ముఖానికి అంటించాడు. ఇది నవలలో వున్న నిజమైన లోపం. నా మిత్రుడు చెప్పినదాంట్లో ఇంతవరకు సత్యం వుంది.

కాని రచయిత అక్కడే ఆగిపోలేదు. లూబా లుఫ్ట్ అనే ఆండ్రాయిడ్ గాయని చనిపోయినప్పుడు, ఇంత చక్కని గొంతు లోకానికి ఎందుకు బరువైందని డెకార్డ్ తనను తాను ప్రశ్నించుకుంటాడు. అదే రోజు, మూడు తలలకు వచ్చిన సొమ్ము బయానాగా కట్టి మేకను కొంటాడు. ఈ రెండు సంగతులను పక్కపక్కన పెట్టి చూడండి. మనసు చలించింది, కూలి కూడా ముట్టింది. తలకింత అని పనిచేసేవాడి అంతరాత్మ ఎలా వుంటుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పిన పరిశోధక నవలను నేను చదవలేదు.

గొర్రెలను గురించి ఒక మాట. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్లకుర్మలకు గొర్రెల పంపిణీ పథకం ప్రారంభించింది. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు ఒక యూనిట్. 75 శాతం సబ్సిడీ. మా చర్చలో ఒక కుర్మ పెద్దాయన కూడా కూర్చున్నాడు. కరెంటు గొర్రె సంగతి విని చాలాసేపు నవ్వి, "అది ఈనదు, పాలియ్యదు, చేన్ల మంద పెడితే ఎరువన్న గాదు. మరి పక్కింటోడు సూసెటందుకేనా బిడ్డా?" అన్నాడు. ఉపయోగమంతా పోయి హోదా మాత్రమే మిగిలిన ఆస్తికి ఇంతకంటే మంచి నిర్వచనం ఏ గ్రంథంలో దొరుకుతుంది? ఇంగ్లీషు రాని ఆ పెద్దాయన నవల గుండెకాయను పట్టుకున్నాడు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన విషయం. ఎదుటివాడు మనిషా కాదా అని తేల్చడానికి డెకార్డ్ దగ్గర ఒక యంత్రం వుంటుంది. ప్రశ్న వేయగానే ముఖంలో నెత్తురు ఎలా పొంగింది, కంటి కండరం ఎలా కదిలింది అని అది కొలుస్తుంది. ప్రశ్నలు ఎక్కువగా జంతువులను గురించినవి. దూడతోలు పర్సు బహుమానంగా ఇస్తే ఏమి చేస్తావన్నది వాటిలో ఒకటి. మనిషి అయితే జుగుప్స కలగాలట! తరతరాలుగా తోలు పని చేసి బతికిన మన మాదిగ పేటలోని వ్యక్తి ఈ ప్రశ్నకు తొణకకుండా జవాబిస్తే, అతడు మనిషి కాకుండా పోతాడా? మానసిక రోగులు కొందరు ఈ పరీక్షలో తప్పి, మనుషులై వుండి కూడా చంపబడవచ్చునన్న భయం నవలలోనే వ్యక్తమవుతుంది. అంటే యంత్రం కొలిచేది మానవత్వాన్ని కాదు, ప్రశ్నలు తయారుచేసినవారి మర్యాదలను.

ఇది అమెరికా వ్యవహారమని పాఠకులు అనుకోవద్దు. రేషన్ దుకాణంలో వేలిముద్ర యంత్రం ముందు నిలబడిన కూలి మనిషిని జ్ఞాపకం చేసుకోండి. నాట్లు వేసి, రాళ్ళు మోసి, బట్టలుతికి వేలిగీతలు అరిగిపోతే యంత్రం గుర్తుపట్టదు. దుకాణదారు చిన్ననాటి నుండి ఎరిగినవాడే; అయినా యంత్రం ఒప్పుకోవాలి. ఉపాధి హామీ పనులలో 2023 జనవరి 1 నుండి, వ్యక్తిగత లబ్ధి పనులు మినహా, ఫోను యాప్‌లో ఫొటోతో హాజరు తప్పనిసరి చేశారు. తట్ట మోసిన భుజం సాక్ష్యం చాలలేదు. శ్రమ చేయడం వల్లనే అరిగిన వేళ్ళు, ఆ శ్రమజీవిని అపరిచితుణ్ణి చేస్తున్నాయి! 1992కూ 2021కీ రాలేదని మా మిత్రుడు వెక్కిరించిన భవిష్యత్తు, ఈ రూపంలో మన వాడలోకి ఎప్పుడో వచ్చింది.

కాబట్టి ఈ నవలలో అపరాధి ఎవరు? పారిపోయిన ఆండ్రాయిడ్లు కారు. కూలికి చంపే డెకార్డ్ కూడా పూర్తిగా కాడు. కృత్రిమ మానవులను తయారుచేసి లాభం తీసే రోజెన్ సంస్థ, దాన్ని నడవనిచ్చే ప్రభుత్వం కథ ముగిసేనాటికి చెక్కు చెదరక నిలిచి వుంటాయి. ఏ పోలీసూ వారిని పరీక్షకు కూర్చోబెట్టడు. రచయిత వారి దాకా దారి చూపించి, తలుపు తట్టకుండా తిరిగి వచ్చాడు. అలసిన డెకార్డ్ ఇంటికి వచ్చి నిద్రపోతాడు. భార్య కరెంటు కప్పకు కరెంటు ఈగలు తెప్పిస్తుంది. జబ్బును ఇంత సూక్ష్మంగా చూసిన రచయితకు, దాన్ని ఎదిరించగల మనుషులు కనిపించలేదు. బానిసల మధ్య ఐక్యతను గాని, కూలికి వేటాడేవాడు బానిసతో చేతులు కలిపే అవకాశాన్ని గాని అతడు ఊహించలేకపోయాడు.

ఆ పని మన రచయితలు చేయవచ్చు. పరిశోధక నవల పట్ల చిన్నచూపు మానుకుని, సమీప భవిష్యత్తును మన నేల మీద నిలబెట్టి రాయమని కోరుతున్నాను. రేషన్ దుకాణం నుండి ఖాళీ సంచితో తిరిగి వచ్చిన ఒక ముసలమ్మతో కథ మొదలుకావచ్చు. ఆమె వేలిముద్రలు ఎక్కడ పోయాయో వెతకడానికి ఒక పరిశోధకుడు బయలుదేరాలి. అతడు పొలం గట్ల మీదుగా, క్వారీల మీదుగా నడచి, ఆ యంత్రాన్ని అమ్మినవారి గుమ్మం దాకా వెళ్ళి తలుపు తట్టాలి.